ఇసుకలో గవ్వ

వండూర్
డిసెంబర్ 28

కోడలు క్యారొలిన్‌కి,

అత్త నూకరత్నం చెప్పి రాయిస్తున్నది. రాస్తున్నవాడు బాలస్వామి, మన కంచె అవతలి ఇంటాయన. జెట్టీలో టికెట్లు చింపి చింపి రిటైరయ్యాడు కదా, చేతికి ఇప్పుడు పని లేదు. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. మధ్యలో తన బైబిలు వాక్యాలు కలిపితే ఊరుకోనన్నాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏమిటని అడుగుతావు. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, పిల్లలిద్దరూ మంచం మీద కూర్చుని వింటారు. వాళ్ళకి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. అందుకని మన తగువు కాగితం మీదే తేల్చుకుందాం. నీ మొగుడు వీరేంద్ర షిప్పు డ్యూటీకి ఎక్కేటప్పుడు ఇది పట్టుకొస్తాడు. జవాబు వాడి చేతికే ఇయ్యి. వాడితో మాత్రం వాదించకు. నీ దగ్గర నీకు ఔనంటాడు, నా దగ్గర నాకు ఔనంటాడు.

“పిల్లలు ఇక మీ దగ్గర వద్దు, పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీలో మా అక్క దగ్గర ఉంచుతాను” అన్నావు. ఆ మాటకే నా జవాబు.

పద్నాలుగు నెలల కిందట నీకు నికోబార్ చివరి దీవికి, క్యాంప్‌బెల్ బే ఆసుపత్రికి ట్రాన్స్‌ఫర్ వచ్చినప్పుడు లహరికి ఆరేళ్ళు, కుమార్‌కి నాలుగు. మీ అక్క ఏంజెలీనా అప్పుడు ఏమంది? “రెండు గదుల ఇల్లు, ఎక్కడ పడుకోబెట్టను?” అంది. నేను బట్టల సంచి అందుకున్నాను. అంతే.

నా దగ్గర వాళ్ళు ఏం చేశారో నువ్వు చూడలేదు కాబట్టి చెబుతున్నాను. శనివారం వస్తే ఈ ఇంట్లో టీవీ పెట్టరు. లహరి మైదా జల్లిస్తుంది, చిన్నోడు గుడ్లు కొడతాడు. మొదట్లో రెండు కొడితే ఒకటి నేలపాలు. ఇప్పుడు పెంకు ముక్క పడకుండా కొడతాడు. బెల్లం మాడ్చి రంగు తీయడం, మన పెరటి జాజికాయ గీరడం, తొడిమ తీసిన కిస్‌మిస్ నాకు చూపించి మరీ నోట్లో వేసుకోవడం, అన్నీ వచ్చు. కేకు ఉడికేలోపు పోక డొప్పలతో పడవలు చేస్తారు. మిగిలిన పిండితో పిట్టలు చేసి మిరియాలతో కళ్ళు పెడతారు. గెస్ట్ హౌస్ వంటింట్లో ఇరవై రెండేళ్ళు అంట్లు తోముతూ, వంటవాడి చెయ్యి చూసి నేర్చుకున్న విద్య ఇది. కరెంటు పొయ్యి లేదు నాకు. పెద్ద డేక్సా, అడుగున నాలుగు వేళ్ళ మందం ఇసుక, ఇసుక మీద కేకు గిన్నె, మూత మీద కొబ్బరి చిప్పల బొగ్గులు. మీ పెళ్ళి కేకు కూడా అందులోనే ఉడికింది. ఆ రోజు మీ చర్చి వాళ్ళు వేళ్ళు నాకారు.

ఇక ఆ శనివారం సంగతి. నీ బదులు రావలసిన నర్సుకి జ్వరం వచ్చి క్రిస్మస్‌కి నీ సెలవు పోయింది. అమ్మ రాకపోతే కేకైనా అమ్మ దగ్గరికి వెళ్ళాలని లహరి పట్టుబట్టింది. మర్నాడే వీరేంద్ర షిప్పు. డేక్సా ఎక్కించాను. ముప్పావు గంటకి మూత తీశాను, పిల్ల ఒంగి చూసింది. ఇసుకలో ఉన్న గవ్వ ఒకటి టపాసులా పేలింది. వేడి ఇసుక లేచి లహరి ఎడమ ముంజేతి మీద, చెవి కింద పడింది. వెంటనే పసుపు, కొబ్బరి నూనె రాసి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కట్టు కట్టారు. తగ్గుతోంది.

గవ్వ ఎలా వచ్చిందంటావా? నేను జల్లించిన ఇసుకలో గవ్వ ఉండదు. నీ కొడుకు జేబు నిండా గవ్వలే. వాడే వేసి ఉంటాడు. అయిదేళ్ళ పిల్లాడు, తెలిసి వేశాడా? వాణ్ణి కోప్పడకు. కానీ తప్పు నా చేతిది కాదు. నా చేతిది కాని తప్పుకి నా పిల్లల్ని పంపించను.

నూకరత్నం వేలిముద్ర


క్యాంప్‌బెల్ బే
జనవరి 5

అత్తమ్మకి,

నా తెలుగులో తప్పులుంటే బాలస్వామి అంకుల్ సరిదిద్ది చదవాలి. మా నాన్న పాటల పుస్తకం ముందు పెట్టి నేర్పిన తెలుగు, అంతకు మించి రాదు.

మీరు “కట్టు కట్టారు, తగ్గుతోంది” అన్నారు. నేను నర్సుని. వీడియో కాల్లో చూశాను. ముంజేతి మీద అరచేయంత మేర తోలు లేచిపోయింది. కాలిన చోట పసుపు, నూనె రాశారు. చల్లటి నీళ్ళ కింద చెయ్యి పట్టాలని ఎన్నిసార్లు చెప్పాను? ఇక్కడ నా వార్డులో ఎవరి పిల్ల చెయ్యో నేను కడుగుతుంటే, అక్కడ నా పిల్ల చేతికి నూనె.

చెవి కింద పడింది. ఇంకో రెండు వేళ్ళు పైకి పడి ఉంటే కన్ను. ఆ మాట మీరు రాయించలేదు.

కుమార్‌ని ఫోన్లోనే గట్టిగా తిట్టాను. ఇంక గవ్వ ముట్టుకోనని ఒట్టు వేయించాను. వాడు ఏడవలేదు. “సరే మమ్మీ” అన్నాడు, అంతే. ఎప్పుడూ అలా అనడు. ఏదో ఒకటి వాదిస్తాడు.

రెండు విషయాలు అడుగుతాను. సూటిగా చెప్పండి.

బొగ్గుల మూత తీసినప్పుడు పెద్దవాళ్ళు కదా ఒంగి చూడాలి, ఏడేళ్ళ పిల్ల ఎందుకు ఒంగింది? లహరిని అడిగితే “నేనే కదా చూసి చెప్పాలి మమ్మీ” అంది. ఎవరికి చెప్పాలి? దేని గురించి చెప్పాలి? నేను మళ్ళీ అడిగేసరికి “నానమ్మ పిలుస్తోంది” అని ఫోన్ పెట్టేసింది. మీరు పిలవలేదని నాకు తెలుసు. పిలిస్తే మీ గొంతు ఈ దీవిదాకా వినిపిస్తుంది.

ఏంజెలీనా అక్క ఇప్పుడు ఒప్పుకుంది. స్కూల్లో కూడా మాట్లాడింది. ఫిబ్రవరి పదిహేనున వచ్చి పిల్లల్ని తీసుకెళ్తుంది. మీరు చేసింది నేను మర్చిపోలేదు అత్తమ్మా. కానీ మీ మీద నమ్మకం ఉంటేనే నాకు ఇక్కడ డ్యూటీ చెయ్యడానికి చేతులు ఆడతాయి. అది ఇప్పుడు లేదు.

క్యారొలిన్


వండూర్
జనవరి 12

క్యారొలిన్‌కి,

నీ ఉత్తరం బాలస్వామి రెండుసార్లు చదివాడు. రెండోసారి నేనే చదవమన్నాను, కోపం సరిగ్గా రావాలని.

నర్సునని చెప్పావు. నాకు తెలీదా? నీ డ్యూటీకి నీ పిల్లల్ని మోసినదాన్ని నేను. కుమార్‌కి జ్వరం వచ్చి మూడు రోజులు ఒళ్ళు కాలిపోతే తడిగుడ్డ వేసింది ఎవరు? లహరి మొదటి పన్ను ఊడితే, ఎలక వచ్చి పట్టుకెళ్ళాలని రేకు మీదకి విసిరింది ఎవరు? నువ్వు ఫోన్లో చూసి చప్పట్లు కొట్టావు. చప్పట్లు నాకూ వచ్చు.

మీ అక్క ఇంట్లో ఏం చేస్తారు వాళ్ళు? కిటికీ తీస్తే పక్కవాళ్ళ గోడ. స్టార్ చెయ్యాలంటే షాపులో ప్లాస్టిక్‌ది తెస్తారు. మొన్న క్రిస్మస్‌కి మన గడపకి కట్టిన స్టార్ చూశావా? వెదురు బద్దలు చీల్చింది నేను, కాగితం కత్తిరించింది పిల్లలు, మైదా జిగురు కాచింది లహరి. వాన పడి ఒక కొమ్ము జారిపోతే చిన్నోడు తన చొక్కా గుడ్డతో అతికించాడు. చేతులతో ఏదో ఒకటి చెయ్యని పిల్లలు పెద్దయ్యాక మనుషుల్ని అడిగి బతుకుతారు.

పిల్ల ఎందుకు ఒంగిందంటావా? పిల్లలు ఒంగుతారు. నువ్వూ ఒంగే ఉంటావు, చిన్నప్పుడు. “చూసి చెప్పాలి” అంటే ఏముంది, కేకు ఎర్రబడిందో లేదో నాకంటే ముందు చూసి చెప్పాలని దానికి ఉబలాటం. అంతకు మించి వెతక్కు.

గవ్వ సంగతి మళ్ళీ ఎత్తావు కాబట్టి తేల్చి చెబుతున్నాను.

. . . . . . . . . . . . . . . . . . . . . . . . . . . . . .

. . . . . . . . . . . . . . . . . . . . . . . . . . . . . .

అదీ జరిగింది. ఇక దాన్ని పట్టుకుని సాగదియ్యకు. అయినా వాడికి నువ్వు అంత గట్టిగా ఒట్టు వేయించి ఉండకూడదు. డబ్బాడు గవ్వలూ తీసుకెళ్ళి కాలవలో పారబోసి వచ్చాడు. పొయ్యి గది గడప దాటి లోపలికి రావడం లేదు. గుడ్లు కొట్టరా అంటే చేతులు వెనక్కి పెట్టుకుంటాడు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఫిబ్రవరి పదిహేను అని మీ అక్క క్యాలెండర్లో గీత పెట్టుకుందేమో. నా ఇంట్లో క్యాలెండర్ లేదు.

నూకరత్నం వేలిముద్ర

అమ్మా క్యారొలిన్, ఈ నాలుగు ముక్కలు నా సొంతం. రత్నమ్మకి తెలీకుండా రాస్తున్నాను. పైన రెండు వరుసల ఖాళీ నేను వదిలిందే. అక్కడ ఆమె చెప్పిన మాట రాయడానికి నా చెయ్యి రాలేదు. అది ఏమిటో నా నోటితో చెప్పడం న్యాయం కాదు. ఆమెనే అడుగు. బాలస్వామి.


క్యాంప్‌బెల్ బే
జనవరి 19

అత్తమ్మకి,

ఈసారి ఒక్కటే అడుగుతాను.

మీ ఉత్తరంలో “తేల్చి చెబుతున్నాను” అన్న చోట రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. అక్కడ మీరు ఏం చెప్పారు?

దానికి జవాబు వచ్చేదాకా మిగతావి ఏవీ మాట్లాడను. కుమార్ నాలుగు రోజులుగా ఫోన్ దగ్గరికి రావడం లేదు. లహరి చేతికిచ్చి బయటికి పోతున్నాడు. అయిదేళ్ళవాడు అమ్మతో మాట్లాడకుండా ఉండటానికి ఎంత భారం ఉండాలో మీకు తెలీదా?

బాలస్వామి అంకుల్, ఇందులో ఒక్క మాట కూడా దాటెయ్యకుండా చదివి వినిపించండి.

క్యారొలిన్


వండూర్
జనవరి 26

క్యారొలిన్‌కి,

ఈ ఉత్తరం మధ్యలో ఆపకుండా చదువు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టు.

బాలస్వామి నీ కాగితం విప్పి చదువుతూ చదువుతూ గొంతు సవరించుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

“ఖాళీ ఏటి?” అన్నాను.

“నేనే వదిలాను రత్నమ్మా.”

“ఎందుకు వదిలావు? నా నోట్లోంచి వచ్చిన మాట నీకు బరువైందా?”

“కుర్రాడు గవ్వ వెయ్యడం కళ్ళారా చూశానని రాయమన్నావు. ఆ రోజు పొద్దున్నించి కుర్రాడు నా అరుగు మీద స్టార్‌కి కాగితాలు కత్తిరించాడు. నీ పొయ్యి దగ్గరికి ఎప్పుడొచ్చాడు?”

“కలం పట్టుకున్నంత మాత్రాన జడ్జివైపోయావా?”

“జడ్జిని కాను. అబద్ధానికి నా దస్తూరీ ఇవ్వను, అంతే. కావాలంటే నువ్వే రాసుకో.”

చదువు రానిదాన్ని పట్టుకుని ఆ మాటన్నాడు. పొమ్మన్నాను. కుర్చీ కూడా ఎత్తి అవతల పెట్టాను. మూడు రోజులు కంచెకి అటు ఆయన, ఇటు నేను. కోడి అటు దూకితే నేనే వెళ్ళి పట్టుకున్నాను కానీ, పట్టమని అడగలేదు.

నాలుగోరోజు నేను బియ్యం చెరుగుతుంటే చిన్నోడు వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. “నానమ్మా, మైనే కబ్ డాలా థా?” అన్నాడు. నేను ఎప్పుడు వేశాను అని. వాడికి గుర్తు లేదట. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదట. అక్క చెయ్యి కాల్చినవాడికి అది గుర్తుండాలి కదా, నాకెందుకు గుర్తు లేదు అని అడుగుతున్నాడు.

ఇది రెండోసారి అడగడం క్యారొలిన్. మొదటిసారి క్రిస్మస్ ముందు అడిగాడు. అప్పుడు నేను “పొద్దున వేశావురా, మర్చిపోయావు” అని చెప్పాను. అందుకని ఆ పొద్దునంతా నెల రోజులుగా తన బుర్రలో వెతుక్కుంటున్నాడు.

ఇవాళ కంచె దగ్గరికి వెళ్ళి, “బాలస్వామీ, కాగితం పట్టుకురా” అన్నాను. ఆయన కుర్చీ కూడా తెచ్చుకున్నాడు.

ఇప్పుడు విను.

నా కుడి కన్ను తెల్లబడి ఏడాది దాటింది. ఎడమ కంటితో చూస్తే వాన పడుతున్న గాజులోంచి చూసినట్టు ఉంటుంది. మీ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆపరేషన్ అంటారు, ఆ నెల రోజులు పిల్లల్ని ఎవరు చూస్తారంటారు, ఆ వంకన తీసుకెళ్తారు. లహరికి మాత్రం తెలుసు. దానికి తెలిసింది కూడా నేను చెప్పి కాదు. ఒకరోజు ఉప్పు బదులు పంచదార వేశాను. అప్పటినుంచి అదే నా పక్కన నిలబడింది. బొగ్గు ఎర్రగా ఉందా, కేకు పైన రంగు వచ్చిందా, పుల్ల గుచ్చితే తడి అంటిందా, అన్నీ అది చూసి చెబుతుంది. నేనే చెప్పమన్నాను. అమ్మతో అనొద్దని కూడా నేనే అన్నాను. అందుకే ఆ రోజు మూత తీయగానే ఒంగింది. దాని ఉబలాటం కాదు. నా పని.

ఇక ఇసుక. ఈ దీవుల్లో ఏటి ఇసుక దొరకదు, ఒడ్డు ఇసుకే గతి. దాన్ని ఏడు నీళ్ళలో ఉప్పు పోయేదాకా కడగాలి, రేకు మీద మూడు రోజులు ఎండాలి, ఆ తర్వాత జల్లించాలి. కేకు అందితే ఆ షిప్పుకే అందాలని తొందర. ఒక్కరోజే ఎండబెట్టాను. జల్లించేటప్పుడు లహరి స్టార్ పనిలో ఉంది, పిలవలేదు. వేళ్ళతో తడుముతూ జల్లించాను. జల్లెడలో ఒకటి తగిలింది, గుండ్రంగా, నున్నగా. చూడలేకపోయాను. గులకరాయే అనుకున్నాను. రాయైతే వేడి పట్టి ఉంచుతుంది, మంచిదే కదా అని నేనే తీసి ఇసుకలో వేశాను. అది గవ్వ. లోపల నీళ్ళున్నాయి.

నా చేత్తో వేశాను క్యారొలిన్. ఇంకెవరూ కాదు.

పేలగానే చుట్టుపక్కలవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. “గవ్వ ఎవరేశారు, గవ్వ ఎవరేశారు” అని ఒకటే గోల. చిన్నోడు బాలస్వామి అరుగు మీంచి అప్పుడే వచ్చాడు, జేబులో గవ్వలు గలగలమంటున్నాయి. “వీడే” అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. తీసుకుంటే నా కళ్ళ సంగతి బయటపడుతుంది.

ఇవాళ పొద్దున వాణ్ణి కూర్చోబెట్టి, నువ్వు వెయ్యలేదురా, నేను వేశాను, నీ మీద అబద్ధం చెప్పాను అన్నాను. వాడు “మమ్మీకి చెప్పావా?” అన్నాడు. చెప్పలేదన్నాను. “ముందు మమ్మీకి చెప్పు” అని లేచిపోయాడు.

అందుకని చెబుతున్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు, ఇప్పుడు నేర్చుకునే వయసూ కాదు. ఇంతకు ముందు రెండు ఉత్తరాల్లో నా తరఫున నేను వాదించుకున్నాను. ఇందులో వాదించడం లేదు. ఈ కాగితం అందిన రోజే నువ్వు వాడికి ఫోన్ చెయ్యి. నా సంగతి తర్వాత చూసుకో.

నూకరత్నం వేలిముద్ర


క్యాంప్‌బెల్ బే
ఫిబ్రవరి 3

అత్తమ్మకి,

వీరేంద్ర షిప్పు దిగి ఇవ్వగానే జెట్టీ మీదే చదివాను. అక్కడినుంచే ఫోన్ చేశాను. కుమార్ వచ్చాడు. “నానమ్మ చెప్పిందా?” అన్నాడు. చెప్పిందన్నాను. తిట్టినందుకు సారీ చెప్పాను. అప్పుడు ఏడిచాడు. నెల రోజుల ఏడుపు, ఏమీ అడగకుండా వింటూ కూర్చున్నాను. వీరేంద్ర పక్కన నిలబడి, ఈ ఒక్కసారి ఎవరికీ ఔననలేదు.

మీ మీద ఎంత కోపం వచ్చిందో రాస్తే కాగితం చాలదు. చెయ్యి కాలితే తోలు మళ్ళీ వస్తుంది, నాకు తెలుసు, రోజూ చూస్తాను. చెయ్యని తప్పు ఎప్పుడు చేశానా అని వెతుక్కునే పిల్లాడికి ఏ కట్టు కట్టాలి? మాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. ఏడేళ్ళ పిల్ల కళ్ళు అరువు తీసుకుని, అమ్మ దగ్గర దాచమన్నారు. అది కూడా నేను మర్చిపోలేను.

పిల్లలు పదిహేనునే వెళ్తారు. అది మారదు.

మీ కళ్ళకి ఆపరేషన్ చేయిస్తాం. అది కూడా మారదు. పోర్ట్ బ్లెయిర్‌లో నా స్నేహితురాలితో మాట్లాడాను. పదిహేడు సోమవారం మిమ్మల్ని చూస్తారు. వీరేంద్ర తీసుకెళ్తాడు. మీరు వాడితో ఔననిపించుకుని ఎగ్గొట్టడానికి చూడొద్దు.

ఏప్రిల్లో నేను సెలవు మీద వస్తాను. పిల్లలు ఎక్కడుండాలో అప్పుడు మాట్లాడదాం. ముందే మాట ఇవ్వను.

ఇంకొక్కటి. ఇది మీరే చెయ్యాలి, నేను చెయ్యలేను. క్రిస్మస్ రోజు ఏంజెలీనా అక్క పిల్లల్ని బతు బస్తీ చర్చికి తీసుకెళ్ళింది. కట్టు చూసి అందరూ అడిగారు. అక్క మీరు చెప్పిందే చెప్పింది. ఆ రోజే సండే స్కూల్ పిల్లలు కుమార్‌కి “గవ్వ బాంబు” అని పేరు పెట్టారట. ఇప్పుడు వాడు రోజూ ఆ పిల్లల మధ్యనే ఉండాలి. నేను ఇక్కడినుంచి ఎంతమందికి ఫోన్ చెయ్యను? అబద్ధం మీది. వెళ్ళి మీరే తీసుకోండి.

క్యారొలిన్


బతు బస్తీ
ఫిబ్రవరి 16, ఆదివారం

క్యారొలిన్‌కి,

ఇది రాస్తున్నది మీ అక్క. బాలస్వామి వండూర్లోనే ఉన్నాడు, నా కోళ్ళకి కాపలా. ఏంజెలీనా తెలుగు నత్త నడక. ఒక్కో అక్షరానికి ఒక్కో నిట్టూర్పు. ఇది కూడా రాయమన్నాను, రాసింది చూడు. దానికి నా మీద కోపం ఉన్నా అక్షరం వదలడం లేదు.

నిన్న మీ అక్క వస్తే పిల్లల్ని ఇవ్వలేదు. నేనే తీసుకొచ్చాను. బస్సులో లహరి కిటికీ పక్కన, చిన్నోడు దాని పక్కన, నేను వెనక సీట్లో. వాడు మాట్లాడతాడు నాతో. అన్నం పెట్టమంటాడు, నీళ్ళు ఇమ్మంటాడు. అంతకు మించి దగ్గరికి రాడు. రమ్మని నేను అనలేదు.

రాత్రి ఇక్కడే పడుకున్నాను. మీ అక్క ఇంట్లో గ్లాసు తలుపు పొయ్యి ఉంది, తిప్పితే వెలుగుతుంది. దాని ముందు ఎర్ర టేపుతో నేల మీద గీత వేయించాను. పిల్లలు ఆ గీత దాటితే కాళ్ళు విరగ్గొడతానని మీ అక్కతోనే అన్నాను, వాళ్ళతో కాదు.

ఇవాళ చర్చికి వెళ్ళాను. నీ పెళ్ళికి వచ్చాక ఇదే రావడం. ఆడవాళ్ళ వైపు చాప మీద పిల్లలిద్దరూ, వాళ్ళ వెనక నేను. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే వేళ వచ్చింది. మేరి అని ఒకావిడ లేచి కొడుక్కి ఉద్యోగం వచ్చిందని చెప్పింది. ఇంకెవరైనా ఉన్నారా అన్నారు పాస్టరుగారు. లేచాను. మీ అక్క నా చీర కొంగు లాగింది. (లాగలేదు, పట్టుకున్నాను. ఏంజెలీనా.)

“నేను మీ మతందాన్ని కాను. అయినా సాక్ష్యం చెప్పుకోవడానికి ఇక్కడ చోటుందని విన్నాను” అన్నాను. పాస్టరుగారు తలూపారో లేదో నాకు కనపడలేదు. ఆపలేదు కాబట్టి చెప్పాను. “ఈ పిల్ల చెయ్యి కాలింది గవ్వ పేలి. ఆ గవ్వ ఈ చిన్నోడు వేశాడని క్రిస్మస్ రోజు మీరంతా విన్నారు. అది అబద్ధం. గవ్వ వేసింది నేను. నా కళ్ళు పోయాయి, చూసుకోలేదు. కళ్ళు పోయాయని చెప్పుకోలేక అయిదేళ్ళ పిల్లాడి మీద వేశాను. వాడి పేరు యేసు కుమార్. మీ పిల్లలు వాణ్ణి ఇంకే పేరుతో పిలిచినా, ఆ పేరు నాది. నన్ను పిలవమనండి, పలుకుతాను.”

  ముందు వరసలో ఎవరో ముసలాయన అలవాటుకొద్దీ “స్తోత్రం!” అని గట్టిగా అనేశాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు కోపం రాలేదు.

రేపు పొద్దున కళ్ళ ఆసుపత్రి. వీరేంద్ర వస్తానన్నాడు. ఏప్రిల్లో నువ్వు ఏమంటావో అది నీ ఇష్టం, నేను అడ్డు చెప్పను. ఇది ఓడిపోయి అంటున్న మాట కాదు, రాయి ఏంజెలీనా, కాదు అని రెండుసార్లు రాయి. కాదు, కాదు.

సాక్ష్యం చెప్పాక ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియలేదు. ఇందాకటి చోట ఎవరో వచ్చి కూర్చున్నట్టున్నారు, రంగు మసగ్గా కదిలింది. చేత్తో తడుముతూ కిందికి ఒంగాను. చిన్నోడు నాకు చోటిచ్చి పక్కకి జరిగాడు. వాడి పక్కన చాప ఖాళీగానే ఉందట, మీ అక్క చెప్పింది. అయినా జరిగాడు.

నూకరత్నం వేలిముద్ర